కాగితం మీద లేని సెలవు

హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల సాఫ్ట్‌వేర్ సంస్థలు కొత్త ఉద్యోగుల కోసం ఇస్తున్న ప్రకటనల్లో జీతంతో సమానంగా పని వాతావరణాన్ని కూడా వర్ణించడం ఆనవాయితీగా మారింది. ఆఫీసుకు ఎప్పుడు వచ్చినా అడిగేవారు ఉండరని, పై అధికారిని పేరు పెట్టి పిలవవచ్చని, క్యారమ్స్ ఆడుకోవడానికి విడిగా గది ఉందని, సెలవులకు పరిమితే లేదని, అందరూ ఒకే కుటుంబమని ఆ ప్రకటనలు చెబుతాయి. తల్లిదండ్రులు చదివి సంతోషిస్తారు, పిల్లలు నమ్ముతారు. ఇన్ని హామీల్లో నియామక పత్రంలోకి ఎక్కేవి మాత్రం అరుదు. నియమాన్ని తొలగించి దాని స్థానంలో హక్కును నిలపకపోతే ఉద్యోగికి చివరకు మిగిలేది పై అధికారి దయ. సడలింపు సంస్కృతి పేరుతో నేడు విస్తరిస్తున్నది ప్రధానంగా ఈ దయాధర్మపు వ్యవస్థే.

సడలింపు సంస్కృతి అంటే హాజరు వేళలు, దుస్తులు, సంబోధన, సెలవు వంటి విషయాల్లో ముందుగా నియమాలు విధించకుండా ఉద్యోగుల విచక్షణకు వదిలివేసే నిర్వహణ పద్ధతి. ఇందులో మంచి లేదని ఎవరూ అనలేరు. పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోసే చోట పనిచేసి వచ్చినవారికి, బిడ్డకు జ్వరం వస్తే సెలవు చీటీ పట్టుకుని సంతకం కోసం నిలబడకుండా ఒక్క మెసేజ్ పెట్టి ఇంటికి వెళ్లగలగడం ఎంత ఊరటో తెలుసు. ఆ ఊరట నిజమైనది కనుకనే దానిని ఎరగా వాడడం మరింత తప్పు.

అపరిమిత సెలవు అనే ఆలోచనకు ప్రపంచవ్యాప్తంగా ప్రచారం తెచ్చిన సంస్థ నెట్‌ఫ్లిక్స్. ఆ సంస్థ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2009లో బహిరంగపరచిన సంస్కృతి పత్రంలో సెలవులను లెక్కించబోమన్న ప్రకటనతో పాటు, ఓ మాదిరిగా పనిచేసేవారిని మంచి పరిహారం ఇచ్చి పంపివేస్తామన్న మాట కూడా ఉంది. ఈ రెండూ ఒకే పత్రంలో ఉండడాన్ని గమనించాలి. ఉద్యోగం ఎప్పుడైనా పోవచ్చన్న భయం ఉన్నచోట యాజమాన్యం సెలవులకు హద్దు గీయనవసరం లేదు, ఉద్యోగి తన హద్దు తానే గీసుకుంటాడు. పై అధికారులు సెలవు తీసుకోకపోతే కిందివారూ తీసుకోరని హేస్టింగ్స్ 2020లో వెలువరించిన తన పుస్తకంలో అంగీకరించాడు. ప్రజల నుంచి విరాళాలు సేకరించి కొత్త ప్రయత్నాలకు అందించే అమెరికన్ వేదిక కిక్‌స్టార్టర్, ఎన్ని రోజులు తీసుకోవడం సబబన్న సందేహమే ఉద్యోగులకు లేకుండా చేయాలని 2015లో అపరిమిత సెలవును రద్దు చేసి ఏడాదికి 25 రోజులని నిర్ణయించింది.

ఎనిమిది మంది ఉన్న ఒక బృందంలో సంక్రాంతి సెలవు ఎలా ఖాయమవుతుందో చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. లెక్క ఉన్న సంస్థలో ఎవరి ఖాతాలో ఎన్ని రోజులున్నాయో తెలుసు కాబట్టి వంతులు వేసుకుంటారు. లెక్క లేని సంస్థలో పక్కవారు ఎన్ని రోజులు అడుగుతారోనని ప్రతి ఒక్కరూ ఎదురుచూస్తారు, టీమ్ లీడ్ రెండు రోజులే తీసుకుంటే మూడో రోజు అడగడానికి ఎవరికీ నోరు రాదు, చివరకు రాజమండ్రి రైలెక్కినవారు ల్యాప్‌టాప్‌ను కూడా వెంట తీసుకెళతారు. పనివేళల సంగతీ అంతే. అమెరికా పశ్చిమ తీరం మన కాలమానానికి వేసవిలో పన్నెండున్నర గంటలు, శీతాకాలంలో పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, అక్కడివారు ఉదయం 9 గంటలకు పనిలో కూర్చునేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరో పదిన్నరో అవుతుంది. ఎప్పుడు వచ్చినా ఫరవాలేదన్న సంస్థలో ఉదయం పదకొండుకు వచ్చిన ఉద్యోగికి రాత్రి పదిన్నర కాల్ తప్పదు. వేళే నిర్ణయించని పనికి ఓవర్‌టైమ్ లెక్కకట్టడమూ సాధ్యం కాదు.

సెలవు లెక్క విలువ తెలియాలంటే ప్రభుత్వ కార్యాలయపు సర్వీసు రిజిస్టరును చూడాలి. తెలుగు రాష్ట్రాల్లోని తహసీల్దారు కార్యాలయ గుమాస్తా ఖాతాలో ఏటా జనవరి 1న 15 రోజులు, జూలై 1న 15 రోజులు ఆర్జిత సెలవు జమ అవుతుంది, వాడుకోనిది 300 రోజుల వరకు నిల్వ ఉంటుంది, పదవీ విరమణ నాడు ఆ నిల్వ నగదుగా చేతికి వస్తుంది. ఆర్జిత సెలవు అంటే పనిచేసి సంపాదించుకున్న సెలవు. వాడుకోని ప్రతి రోజూ సంస్థ ఉద్యోగికి పడిన బాకీ. అపరిమిత సెలవు ఈ బాకీని ఒక్క కలంపోటుతో రద్దు చేస్తుంది, ఎందుకంటే పరిమితి లేనిదానికి నిల్వ ఉండదు, నిల్వ లేనిదానికి నగదు రాదు. అమెరికాలో ట్రిబ్యూన్ పబ్లిషింగ్ పత్రికా సంస్థ 2014 నవంబరులో ఈ పద్ధతిని ప్రకటించగా, తమ సెలవు నిల్వలు ఏమవుతాయని ఉద్యోగులు ఎదురు తిరగడంతో రోజుల వ్యవధిలోనే వెనక్కి తీసుకుంది. మైక్రోసాఫ్ట్ 2023 జనవరిలో అమెరికాలోని తన నెలజీతపు ఉద్యోగులకు అపరిమిత సెలవు ప్రకటించింది, పాత నిల్వలకు డబ్బు చెల్లించి ఖాతాలు మూసివేసింది. 10,000 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది కూడా ఆ నెలలోనే.

పై అధికారులే లేరని చెప్పుకునే సంస్థల పరిస్థితి కూడా దీనికి భిన్నం కాదు. అమెరికాలోని వీడియో గేముల సంస్థ వాల్వ్ ఉద్యోగుల కరదీపిక 2012లో వెలుగులోకి వచ్చినప్పుడు, అక్కడ ఎవరికీ బాసు లేడని, ఇష్టమైన ప్రాజెక్టు దగ్గరకు జరుపుకోవడానికి వీలుగా బల్లలకు చక్రాలున్నాయని చదివి లోకం అబ్బురపడింది. మరుసటి ఏడాది ఆ సంస్థ తొలగించిన హార్డ్‌వేర్ ఇంజనీరు ఒకరు అక్కడ కంటికి కనిపించని అధికార వర్గం ఉందని బహిరంగంగానే చెప్పారు. అమెరికన్ స్త్రీవాద రచయిత్రి జో ఫ్రీమన్ 1970లలోనే దీనిని సిద్ధాంతీకరించింది: నిర్మాణం లేదని చెప్పుకునే ఏ సమూహంలోనైనా అధికారం మాయం కాదని, పరిచయాలూ స్నేహాలూ ఉన్నవారి చేతుల్లోకి జారుకుంటుందని, రాత నియమాలు లేవు కనుక వారిని ప్రశ్నించే దారి కూడా ఉండదని ఆమె వాదన. పేరు పెట్టి పిలిచినంత మాత్రాన పై అధికారి చేతిలోని అప్రైజల్ కాగితం ఎక్కడికీ పోదు.

ఈ విషయంలో ప్రభుత్వాల బాధ్యత తక్కువేమీ కాదు. తెలుగు రాష్ట్రాల్లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళలకు సంబంధించిన సెక్షన్ల నుంచి ఐటీ సంస్థలకు ఏళ్ల తరబడి మినహాయింపు ఇస్తూ వచ్చారు. ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో పనివేళల తరువాత ఫోనుకు, మెయిలుకు జవాబివ్వకుండా ఉండే హక్కును చట్టం ద్వారా అమల్లోకి తెచ్చాయి. అదే హక్కు కోసం ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. తెలంగాణ 2025 జూలైలో వాణిజ్య సంస్థల్లో రోజువారీ పనిని 10 గంటల వరకు అనుమతించింది. పని గంటలు పెంచడానికి జీవో వచ్చినంత త్వరగా పని ముగించే హక్కుకు జీవో రావడం లేదు.

ఇంతకంటే బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. సడలింపు సంస్కృతి గురించిన చర్చ అంతా మెడలో కంపెనీ కార్డు ఉన్నవారి చుట్టూనే తిరుగుతుంది. ఇంజనీరు ముందు ద్వారం గుండా ఏ వేళకైనా రావచ్చు. అదే భవనంలో అంతస్తులు తుడిచే మహిళ వెనుక గేటు దగ్గర హాజరు పుస్తకంలో వేలిముద్రో సంతకమో వేయాలి, పావుగంట ఆలస్యమైతే కాంట్రాక్టరు కోత వేస్తాడు. బీన్‌బ్యాగులు పరచిన అంతస్తు ముఖద్వారం దగ్గరే గార్డు పన్నెండు గంటల షిఫ్టు నిలబడి చేస్తాడు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు కల్పించాయి. కుర్చీ కోసం చట్టం చేయవలసి రావడమే మన పని సంస్కృతి మీద తీర్పు. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ఎప్పుడో చెప్పింది కనుక, వీరు తమ ఉద్యోగులు కారని సంస్థలు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. టీ అందించే మనిషికి వారపు సెలవు లేని చోటును కుటుంబం అని పిలవడం అన్యాయం.

కాబట్టి ఈ ఏడాది ఉద్యోగాల్లో చేరబోతున్న యువతీ యువకులకు ఒక విజ్ఞప్తి. ఆఫర్ లెటర్ మీద సంతకం చేసే ముందు ఏడాదికి కనీసం ఎన్ని రోజుల సెలవు ఇస్తారో, మిగిలిన సెలవుకు డబ్బు ఇస్తారో లేదో, రాత్రి ఎన్ని గంటల తరువాత కాల్స్ ఉండవో అడగండి, వచ్చిన జవాబును రాసి ఇమ్మనండి. ఉద్యోగంలో చేరిన తరువాత మీ అంతస్తులోని గార్డుకు కుర్చీ ఉందో లేదో చూసి, లేకపోతే యాజమాన్యాన్ని అడగండి. రాసివ్వడానికి వెనుకాడే సంస్థ నోటిమాటగా ఎంత ఇచ్చినా, అవసరం వచ్చిన రోజున అది చెల్లదు.