పక్కింటి చీటీ

బండారులంకలో గుంట మగ్గం ముందు కూర్చుని ఓ పెద్దాయన 2021 వేసవి సంగతి చెప్పుకొచ్చారు.

"రెండోరోజు జ్వరానికే ఆ మాత్రలు మొదలెట్టేశానండి. పక్కింటాయనకి రాసిందే కదా అని ఆ చీటీ పట్టుకెళ్ళి కొనేశాను. ఆయ్, ఒకటే ఆకలి! తీరా చూస్తే షుగరు మూడొందలు దాటిపోయింది."

పక్కింటాయన ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి అవే మాత్రలు వేసుకున్నారు. క్షేమంగా ఇంటికొచ్చారు. మందు ఒకటే, డెక్సామెథసోన్. మరి ఒకరికి మేలు, ఇంకొకరికి తిప్పలు ఎందుకు?

జవాబు అంతకు ఏడాది ముందే, 2020 జూన్‌లో దొరికింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన 'రికవరీ' పరిశోధనలో దాదాపు 6,400 మంది రోగులను ఈ మందు ఇచ్చినవారు, ఇవ్వనివారుగా చీటీలు తీసినట్టు విడదీసి, నెలరోజుల లెక్క చూశారు. వెంటిలేటర్ మీదున్న ప్రతి వందమందిలో మందు లేకుండా 41 మంది చనిపోతే, మందు పడ్డవారిలో 29 మందే పోయారు. ఆక్సిజన్ మాత్రమే అందుకుంటున్నవారిలో 26 కాస్తా 23 అయింది. అసలు ఆక్సిజనే అక్కర్లేనివారికి మాత్రం ఏ మేలూ కనబడలేదు. పైగా వాళ్ళలో మరణాలు కాస్త ఎక్కువే ఉన్నాయి.

కారణం ఉంది. మొదటి రోజుల్లో వైరస్‌తో పోరాడేది మన రోగనిరోధక శక్తే. స్టెరాయిడ్ దాన్ని అణిచేస్తుంది. తర్వాత కొందరిలో ఆ శక్తే అదుపు తప్పి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అణచవలసింది అప్పుడు. నాట్ల నాడు పెట్టాల్సిన నీళ్ళు కోతల నాడు పెడితే చేను ఏమవుతుందో కోనసీమ వాళ్ళకి వేరే చెప్పాలా? స్టెరాయిడ్ల వాడకం, పట్టు తప్పిన షుగరు కలిసి నల్ల ఫంగస్‌కు దారి చేశాయి. 2021 మేలో ఆ కేసులన్నీ తప్పనిసరిగా నమోదు చేయాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి లెక్కలు తేల్చడమే ఊపిరితిత్తుల, అత్యవసర చికిత్స వైద్యుల్లో కొందరికి జీవితకాలపు పని. ఈ శాఖకు పునాది కూడా ఓ మహమ్మారిలోనే పడింది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు, ఊపిరి అందని పిల్లలకు గొంతు దగ్గర గొట్టం పెట్టి, రబ్బరు సంచీని చేత్తో నొక్కి గాలి పంపించమన్నారు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు. వందలమంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు ఆ సంచీలు నొక్కారు.

తర్వాత యంత్రాలొచ్చాయి. ఎక్కువ గాలి పంపితే ఎక్కువ మేలనుకున్నారు. 2000 సంవత్సరంలో అమెరికా పరిశోధకులు 861 మంది మీద లెక్క తీసి, గాలి సగానికి తగ్గిస్తే మరణాలు నూటికి 40 నుంచి 31కి దిగుతాయని తేల్చారు. 2013లో ఫ్రాన్స్‌లో క్లోడ్ గెరాన్ బృందం, విషమంగా ఉన్న రోగులను రోజుకు 16 గంటలు బోర్లా పడుకోబెడితే మరణాలు నూటికి 33 నుంచి 16కి పడిపోతాయని చూపింది. కోవిడ్ వార్డుల్లో రోగులను బోర్లా తిప్పింది ఈ చదువుతోనే. ఆ పరిశోధన జరిగిన రోజుల్లో కోవిడ్ అన్న మాటే లేదు!

ఈ శాఖలో తెలుగు పేర్లూ ఉన్నాయి. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో ఆచార్యురాలిగా పనిచేసిన డాక్టర్ కల్పలత గుంటుపల్లి, 2009-10లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్‌కు అధ్యక్షురాలయ్యారు. ప్రపంచం అప్పుడు స్వైన్ ఫ్లూతో సతమతమవుతోంది.

ఇంత చదువూ, ఇన్ని ప్రాణాల లెక్కా కలిస్తే ఒక చీటీ అవుతుంది. అందులో మందు పేరు, మోతాదు ఉంటాయి. 'ఎవరికి, ఎప్పుడు' అన్నది మాత్రం రోగిని చూసిన డాక్టరు బుర్రలో ఉంటుంది. పక్కింటి చీటీతో మందు వస్తుంది కానీ, ఆ తీర్పు రాదు.

లేవబోతూ అడిగాను, "ఆ మాత్రలు ఇంకా ఉన్నాయా బాబాయ్?"

పెద్దాయన కాస్త సిగ్గుపడ్డారు. "గూట్లో సగం అట్ట ఉందండి. ఎవరికైనా అక్కరకొస్తుందని దాచాను."

మన ఇళ్ళ గూళ్ళలోనూ అలాంటి అట్టలు ఉండే ఉంటాయి. ఈ ఆదివారం ఓసారి వెతికి చూద్దామా?