పాఠశాలలో ఇంజను నిర్మింపవచ్చునా?

పై తరగతుల విద్యార్థులు తమ చేతులతో ఒక చిన్న పెట్రోలు ఇంజను చేయదలచినప్పుడు, "పరీక్షలకు పనికిరాని యీ ఆట యేల?" యని తల్లిదండ్రులు కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే, కాలమును ధనమును వ్యయమగును. అయినను అట్టి పనికి పాఠశాలలో చోటుండవలెననియే నా యభిప్రాయము. మిషను బడులలో వడ్రంగము, నేత నేర్పిన కాలమొకటి యుండెను గదా!

మన ఐరాల ప్రాంతమున కపిలలు తోలిన బావులకు ఆయిలింజన్లు వచ్చినవి, పిదప విద్యుత్తు మోటార్లు వచ్చినవి. ఇంజను లోపల జరుగునదేమో యెరిగినవారు మాత్రము కొలదిమందియే. గాలిని ఇంధనమును పీల్చుట, అదుముట, మండించుట, పొగను వెడలగొట్టుట అను క్రమముతో నడచు ఇంజనును 1876లో జర్మనీ దేశీయుడగు నికొలాస్ ఒట్టో నిర్మించెను. దీనిని బొమ్మ చూచి అప్పగించిన విద్యార్థికి మార్కులు వచ్చును, ఇంజను తిరుగదు.

పిస్టను సిలిండరులో మిక్కిలి బిగువైనచో కదలదు. వదులైనచో అదిమిన వాయువు ప్రక్కలనుండి జారిపోవును. తగిన సందు వెండ్రుకకంటె సన్నము. అందుకై నూనెయు సన్నని సానపొడియు పూసి ఓపికతో రుద్దవలెను. ఇంజను లేచిన పిమ్మటనే అసలు పని. తూకమున ఒక పాలు పెట్రోలునకు దాదాపు 15 పాళ్ల గాలి కావలెను. పెట్రోలు హెచ్చినచో నల్లని పొగ వచ్చును. తగ్గినచో ఇంజను వేడెక్కి కార్బురేటరు గుండ తుమ్మును. నిప్పురవ్వ పిస్టను పైకొస చేరుటకు కొంచెము ముందు పడవలెను. మరీ ముందైనచో చక్రము వెనుకకు తన్నును, ఆలస్యమైనచో బలము తగ్గును. తొందరపడి రెండు మరలను ఒక్కసారి త్రిప్పువానికి దేనివలన ఏ ఫలము కలిగెనో యెన్నటికిని తెలియదు. ఒక మర, పావు చుట్టు, నోటుపుస్తకమున ఒక పంక్తి: ఇదియే పద్ధతి.

కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామమందు తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారు బడిచదువు తక్కువైనను, ఒక రడ్జి మోటారుసైకిలును విప్పి మరల బిగించి యంత్రవిద్య నేర్చిరి. 1920లో ఒక్క బస్సుతో వ్యాపారము మొదలిడిరి. ఆ 1893లోనే, క్రిస్మసు ముందురాత్రి, అమెరికాలో హెన్రీ ఫోర్డు తాను చేసిన ఇంజనును వంటయింటి తొట్టికి బిగించి నడిపెను. పెట్రోలు బొట్లు పోసినది ఆయన భార్య క్లారా! తల్లులు ఈ సంగతి గమనింతురుగాక.

వంటయిల్లు మాత్రము మనకు వలదు. ఇంజను పొగలో రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడను విషవాయువు గలదు. బయలున, ఉపాధ్యాయుని యెదుట, ఇసుక బొక్కెన ప్రక్కనుంచుకొని నడపవలెను.

విద్యుత్ వాహనములు వచ్చుచున్న యీ దినములలో పెట్రోలింజనేల యనువారును గలరు. నిప్పు, గాలి, లోహము, వేళ యను నాలుగింటిని ఒక్కచోట చేతికి తెలియజేయు సాధనము వేరొకటి నాకు తోచుట లేదు.

ఇక ప్రదర్శనల మాట. తిరిగిన ఇంజనుకే బహుమతి యియ్యరాదు. మెకానిక్కుచే చేయించి తెచ్చినదియు తిరుగును. న్యాయనిర్ణేతలు ముందుగా నోటుపుస్తకమునడుగవలెను. తన ఇంజను ఏల తిరుగలేదో, ఏ యే మరను ఎంత త్రిప్పి చూచెనో వరుసగా చెప్పగల విద్యార్థికి మొదటి బహుమతి యిచ్చుటకు నాకు సంకోచము లేదు.