బజారుకని చెప్పి విమానం ఎక్కించకండి

హైదరాబాద్ పాతబస్తీ పిల్లల్లో చాలామందికి తొలి విమాన ప్రయాణం విహారయాత్ర కాదు. జెద్దాలోనో, రియాద్‌లోనో, దుబాయ్‌లోనో కొలువు చేస్తున్న తండ్రి దగ్గరికి విజిట్ వీసా మీద తల్లి వెంట వెళ్లడం, లేదా ఇంటిల్లిపాదితో కలిసి ఉమ్రాకు బయల్దేరడం. లాల్‌దర్వాజా, ఉప్పుగూడ, ఛత్రినాక వైపు ఇళ్లలోనైతే ఉద్యోగం మీద అమెరికా వెళ్లిన తండ్రిని చేరుకోవడం. తండ్రి ఒక దేశంలో, పిల్లలు ఒక దేశంలో ఉండిపోవడానికి కారణాలు చాలా ఉన్నా, ఒకటి మాత్రం లెక్క తేలినది. సౌదీ ప్రభుత్వం 2017 జూలైలో ప్రవాస ఉద్యోగుల కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుం పెట్టింది, ఏటా పెంచుతూ 2020 నాటికి దాన్ని 400 చేసింది. భార్యనూ ముగ్గురు పిల్లల్నీ దగ్గర ఉంచుకున్న మనిషికి అది నెలకు 1,600 రియాళ్లు. డ్రైవర్లకూ, దుకాణాల్లో పనిచేసేవాళ్లకూ అది మోయలేని భారం. ఆ భారం మోయలేని కుటుంబాలు చాంద్రాయణగుట్టకూ, యాకుత్‌పురాకూ, సంతోష్‌నగర్‌కూ తిరిగొచ్చాయి. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లకు అబ్బా అంటే ఫోన్ తెర మీద మాట్లాడే మనిషి. ఆ మనిషిని చూడటానికే ఆమె మొదటిసారి విమానం ఎక్కుతుంది.

ఆ ప్రయాణానికి ఇంట్లో తయారీకి లోటేమీ ఉండదు. పిల్ల పేరున పాస్‌పోర్టు, వీసా, తూకం చూసి కట్టిన పెట్టెలు, పచ్చళ్లు, ఉస్మానియా బిస్కెట్లు, తండ్రికి కుట్టించిన బట్టలు. పిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక అబద్ధంతో సరిపెట్టేస్తాం. ‘బజారుకు పోతున్నాం’ అంటాం. లైన్లో మారాం చేస్తే ‘పోలీసు పట్టుకుపోతాడు’ అంటాం. ఏడుస్తుందేమోనని ముందుగానే నిద్రమందు పట్టించమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ మూడూ ప్రేమతో, భయంతో చేసే పనులే. నాకు ఆ తల్లుల మీద కోపం లేదు. కానీ మూడూ పిల్లకు చెడుపే చేస్తాయి. చిన్నపిల్లను తొలి విమానానికి సిద్ధం చేయడమంటే ముఖ్యంగా ఒకటే పని: ఏం జరగబోతోందో ముందుగా, నిజంగా, పిల్ల ఒంటికి తెలిసే మాటల్లో చెప్పడం. బొమ్మలూ, తినుబండారాలూ, ఫోన్లో కార్టూన్లూ దాని తర్వాతే.

ఇది నా ఊహ కాదు. విమానాల విషయంలో కాకపోయినా, పిల్లలు అంతకంటే ఎక్కువ భయపడే చోట, అంటే ఆసుపత్రిలో, దీన్ని పరీక్షించి చూశారు. 1975లో మెలమెడ్, సీగెల్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు శస్త్రచికిత్సకు వచ్చిన 60 మంది పిల్లల్ని తీసుకున్నారు. వాళ్ల వయసు 4 నుంచి 12 ఏళ్లు. సగం మందికి ఒక పిల్లవాడు ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లేదాకా తీసిన సినిమా చూపించారు, మిగతా సగానికి సంబంధం లేని సినిమా. మొదటి జట్టు పిల్లలకు ఆపరేషన్ ముందూ తర్వాతా ఆందోళన తక్కువగా కనిపించింది. ఆ సినిమాలో పిల్లవాడు భయపడని వీరుడేమీ కాదు. తన భయం చెప్పుకుంటాడు, అయినా గట్టెక్కుతాడు. అదే ఏడు జీన్ జాన్సన్ అనే పరిశోధకురాలి బృందం విరిగిన ఎముకకు వేసిన పిండికట్టు విప్పించుకునే పిల్లల మీద ఇంకో పరిశీలన చేసింది. కొందరికి డాక్టరు ఏమేం చేస్తాడో వరుసగా చెప్పారు. కొందరికి రంపం చప్పుడు ఎలా ఉంటుందో వినిపించి, చర్మానికి ఎలా తగులుతుందో, వెచ్చగా ఎలా అనిపిస్తుందో చెప్పారు. రెండో రకం పిల్లలే తక్కువ బెంబేలెత్తారు. ‘ఏం చేస్తారు’ అన్నదానికంటే ‘నీకు ఎలా అనిపిస్తుంది’ అన్నది పిల్లకు ఎక్కువ పనికొస్తుందన్నమాట. విమానం గురించి మనం చెప్పే కొద్దిపాటి మాటల్లో లోపిస్తున్నది సరిగ్గా ఇదే. పెద్ద పక్షిలా పైకి ఎగురుతుందని చెబుతాం గానీ చెవులు దిబ్బడ పడతాయని చెప్పం.

చెవుల సంగతి కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే విమానంలో పసిపిల్లల ఏడుపుకు ఒక పెద్ద కారణం అదే. విమానం ఎంత ఎత్తులో ఎగిరినా లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. అంటే సుమారుగా ఊటీలో ఉన్నట్టు. పైకి వెళ్లేటప్పుడు చెవి లోపలి గాలి సులువుగానే బయటికి వస్తుంది. దిగేటప్పుడు బయటి ఒత్తిడి పెరుగుతూ ఉంటే, చెవికీ గొంతు వెనక భాగానికీ మధ్య ఉన్న సన్నటి గొట్టం తెరుచుకుని గాలిని లోపలికి రానివ్వాలి. చిన్నపిల్లల్లో ఆ గొట్టం ఇరుకుగా, ఎక్కువ అడ్డంగా ఉంటుంది, జలుబు ఉంటే వాచిపోతుంది. మింగినప్పుడల్లా అది తెరుచుకుంటుంది. అందుకే చంటిబిడ్డకు దిగే వేళ పాలివ్వాలి. కాస్త పెద్దపిల్లకు నీళ్లు గుక్కగుక్కగా తాగించాలి. దిగడం మొదలయ్యేది నేల తాకడానికి దాదాపు అరగంట ముందు. పిల్ల నిద్రపోతుంటే అప్పుడే లేపాలి, నిద్రలో మింగడం తగ్గిపోతుంది కాబట్టి. నిద్రపోయిందిలే అని సంతోషించే తల్లికి ఈ మాట చెప్పేవాళ్లు కావాలి. పిల్లకు కూడా ఇంట్లోనే చెప్పవచ్చు: ‘విమానం కిందికి దిగేటప్పుడు నీ చెవులు మూసుకుపోతాయి, కొంచెం నొప్పెడుతుంది, గుటక వేస్తే టప్ మని తెరుచుకుంటాయి.’ నొప్పి వస్తుందని ముందే తెలిసిన పిల్లకు ఆ నొప్పి వచ్చినప్పుడు తన పక్కనున్న మనిషి మీద నమ్మకం పోదు.

చప్పుళ్లూ అంతే. ఎగిరే ముందు ఇంజను హోరు ఒక్కసారిగా పెరుగుతుంది, వీపు సీటుకు అదుముకుంటుంది. నేల వదిలాక చక్రాలు లోపలికి ముడుచుకుంటూ దడేల్‌మంటాయి. రాత్రి విమానమైతే ఎగిరేముందూ దిగేముందూ లోపలి దీపాలు మసకబారుస్తారు. మరుగుదొడ్డిలో నీళ్లకు బదులు గాలి భయంకరమైన శబ్దంతో లాగేస్తుంది. దాన్ని ఒకసారి విన్న పిల్ల మిగతా ప్రయాణమంతా లోపలికి వెళ్లనని మొండికేయవచ్చు. పిల్లను బయట నిలబెట్టి తల్లి మీట నొక్కితే ఆ గొడవ ఉండదు. చిన్న విషయాలే. కానీ ఇంట్లో నాలుగు కుర్చీలు వరుసగా వేసి, నడుముకు చున్నీ కట్టి, ఈ చప్పుళ్లన్నీ నోటితో చేసి చూపిస్తే పిల్లకు అది ఆట. విమానంలో అదే చప్పుడు వినబడితే తనకు తెలిసిన చప్పుడే.

శంషాబాద్ విమానాశ్రయంలో పిల్లను నిజంగా బెదరగొట్టేది విమానం కంటే ముందు వచ్చే తనిఖీ అని నా అభిప్రాయం. చేతిలోని బొమ్మను లాక్కుని యంత్రంలోకి పంపుతారు. ఖాకీ బట్టల్లో ఉన్న సీఐఎస్ఎఫ్ సిబ్బంది ఒంటి మీద కడ్డీ తిప్పుతారు. తల్లిని మహిళా సిబ్బంది తెర వెనక్కి తీసుకెళ్తారు. ఆ కొద్ది క్షణాలు పిల్లకు తల్లి కనబడదు. పాతబస్తీలో ప్రయాణానికి వెళ్లేవాళ్ల జబ్బకు రక్షగా, నాణెం చుట్టిన గుడ్డ, ఇమామ్ జామిన్ కడతారు. అందులోని నాణెం దగ్గర కడ్డీ కూత పెడుతుంది. కాళ్ల పట్టీలూ, వెండి మొలతాడూ అంతే. ‘పోలీసు పట్టుకుపోతాడు’ అన్న బెదిరింపు ఎంత నష్టం చేస్తుందో ఇక్కడే తెలుస్తుంది: ఆ మాట విని పెరిగిన పిల్ల ముందుకు పోలీసు నిజంగానే వచ్చి, ఒంటి మీద ఏదో కూత పెట్టించాడు. దీనికి సాధన చేయడానికి మనకు చార్మినార్ నుంచి ఎంతో దూరం లేని ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్ ఉంది. అక్కడ సంచి యంత్రంలోకి వెళ్లి అవతలి నుంచి రావడం, చట్రం గుండా నడవడం, కదిలే మెట్లు, తలుపులు వాటంతటవే మూసుకోవడం, అన్నీ పిల్ల కళ్లారా చూస్తుంది. తన బొమ్మ అవతలి వైపు నుంచి మళ్లీ తన చేతికి వస్తుందన్న ఒక్క సంగతి తెలియడానికైనా ఆ టికెట్ డబ్బు పెట్టవచ్చు.

వీడ్కోలు ఇంకా కష్టమైన ఘట్టం. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. ఇప్పుడు టికెట్ లేనివాళ్లకు టెర్మినల్ లోపలికి ప్రవేశం లేదు. దాదీ, నానీ, చాచాలు అందరూ వాహనాల్లో వచ్చి బయటి ద్వారం దగ్గరే ఆగిపోతారు. అందరూ ఒకేసారి ఏడుస్తారు. పిల్లకు వాళ్లు లోపలికి రారని ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఇంకో విషయం ఉంది. గల్ఫ్‌లో పనిచేసే తండ్రులు సెలవు ముగిశాక పిల్ల నిద్రలో ఉండగా ఇల్లు దాటడం మన ఇళ్లలో కొత్త కాదు. పొద్దున లేచిన పిల్లకు ‘అబ్బా విమానంలో వెళ్లిపోయాడు’ అని చెబుతారు. విమానమంటే మనుషుల్ని చెప్పకుండా మాయం చేసేదని ఆ పిల్ల అప్పుడే నేర్చుకుంది. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు రెండేళ్ల పిల్ల ఆసుపత్రిలో తల్లికి దూరమై గడిపిన రోజుల్ని చిత్రీకరించి చూపించాక, ఏడవని పిల్ల కుదురుకున్న పిల్ల కాదని డాక్టర్లు నెమ్మదిగా ఒప్పుకోవాల్సి వచ్చింది. చెప్పి వెళ్తే పిల్ల ఏడుస్తుంది, నిజమే. చెప్పకుండా వెళ్తే ఏడుపు లోపల ఉండిపోతుంది.

దీనికి పెద్దలు చెప్పే అభ్యంతరాల్లో బలమున్నవి ఉన్నాయి. రెండు మూడేళ్ల పిల్లకు ఇదంతా ఏం అర్థమవుతుందంటారు. మాటలన్నీ అర్థం కావు, కానీ ఆట అర్థమవుతుంది, పైగా తల్లి గొంతులో కంగారు లేదన్నది అర్థమవుతుంది. చంటిబిడ్డ విషయంలో సిద్ధం కావలసింది తల్లే. నెల ముందు చెబితే రోజూ ‘ఎప్పుడు, ఎప్పుడు’ అని ప్రాణం తీస్తుందంటారు. ఒప్పుకుంటాను. మూడేళ్ల పిల్లకు నెల రోజులంటే లెక్క లేదు. రెండు మూడు రోజుల ముందు మొదలుపెడితే చాలు. వీసా రాకపోతేనో, విమానం రద్దయితేనో పిల్ల గుండె పగులుతుందన్న మాటకూ అదే జవాబు: వీసా చేతికొచ్చాకే చెప్పండి. నజర్ తగులుతుందని ప్రయాణం సంగతి బయట పొక్కనివ్వరు. దిష్టి భయం హిందువుల ఇళ్లలోనూ తక్కువేం లేదు. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. పొరుగువాళ్లకు చెప్పకపోవడం వేరు, ప్రయాణం చేయబోయే పిల్లకే చెప్పకపోవడం వేరు. పిల్ల నోరు జారుతుందన్న భయం ఉంటే ముందురోజు సాయంత్రం చెప్పినా, అసలు చెప్పకపోవడం కంటే మేలు.

నిద్రమందు విషయంలో మాత్రం నేను దిగిరాను. జలుబుకూ, ప్రయాణంలో వాంతులకూ ఇచ్చే, నిద్ర కూడా తెప్పించే ప్రొమెథజీన్ రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని, ఊపిరి మందగించే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే గట్టి హెచ్చరిక జారీ చేసింది. ఈ రకం మందులు కొందరు పిల్లల్ని నిద్రపుచ్చకపోగా మరింత చిరాకుపరుస్తాయి కూడా. పక్క సీటువాళ్లు విసుక్కుంటారన్న జంకుతో ఇంత ప్రమాదానికి దిగడం న్యాయం కాదు. పసిబిడ్డ ఏడుపు అరగంట భరించడం తోటి ప్రయాణికుల బాధ్యత, అది తల్లి తలవంచుకోవాల్సిన విషయం కాదు.

అయినా భారమంతా తల్లి మీద వేయడం సరికాదు. ఈ తల్లుల్లో చాలామందికి కూడా ఇదే మొదటి విమానం. ఒక చేతిలో బిడ్డ, ఒక చేతిలో ఇమిగ్రేషన్ కాగితాలు, చుట్టూ అర్థంకాని ఇంగ్లిషు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఒకే బుకింగ్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరి పక్కన సీటు ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ 2024 ఏప్రిల్‌లో మన విమాన సంస్థలను ఆదేశించింది. ఆ మాట తెలిసి కౌంటర్ దగ్గర అడగగలిగిన తల్లి ఎంతమంది? హజ్ యాత్రికులకు బయల్దేరేముందు శిక్షణ తరగతులు పెట్టే అలవాటు మన నగరంలో ఉండనే ఉంది. అదే పద్ధతిలో విమానాశ్రయం వాళ్లు దక్కనీ ఉర్దూలో, తెలుగులో పది నిమిషాల సినిమా తీసి, ఒక పాతబస్తీ పిల్ల ద్వారం దగ్గర నుంచి సీటు దాకా నడిచే దారిని చూపిస్తే, ట్రావెల్ ఏజెంట్లు టికెట్‌తో పాటు దాన్ని ఫోన్‌కు పంపితే, 1975లో ఆసుపత్రి పిల్లలకు చేసిన మేలు మన పిల్లలకూ చేయవచ్చు. డబ్బు పెద్దగా కాదు. పిల్లల భయం పట్టించుకోదగిన విషయమని ఎవరో ఒకరు అనుకోవాలి.

ఇక అవతలి ద్వారం దగ్గర నిలబడి ఉండే మనిషి గురించి. ఫోన్లో అరచేతిలో ఇమిడే అబ్బా అక్కడ ఎత్తుగా, గడ్డంతో, కొత్త అత్తరు వాసనతో ఎదురొస్తాడు. పిల్ల తల్లి చాటుకు దాక్కుంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. ఆయనకు కూడా ముందే చెప్పాలి: వచ్చీరాగానే ఎత్తుకోకు, కాసేపు పక్కన నడువు. పిల్లకు చెప్పాల్సిన నిజం కూడా ఇంకొకటి మిగిలి ఉంది. విజిట్ వీసాకు గడువుంటుంది. తిరుగు విమానంలో అబ్బా రాడు. ఆ మాటను చివరి రాత్రి దాకా దాచకుండా, అబ్బా పక్కనే కూర్చుని, అబ్బా నోటితోనే, కొన్ని రోజుల ముందే చెప్పాలి.