రాత్రి ఎనిమిది దాకా పీహెచ్‌సీలో ఓపీ నడపాలి



రాత్రి తొమ్మిది దాటాక ఏ జిల్లా పెద్దాసుపత్రి క్యాజువాలిటీ దగ్గరైనా ఓ అరగంట నిలబడి చూడండి. మూడు రోజులుగా జ్వరం తగ్గని పిల్లాడు తల్లి భుజం మీద వాలిపోయి ఉంటాడు. బీపీ మాత్రలు అయిపోయి తల తిరుగుతోందని ఒక పెద్దాయన వచ్చి ఉంటాడు. కుక్క కరిచిన సూది రెండో డోసుకని ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. అంతలో ఆటోలోంచి ఒక మనిషిని ఇద్దరు పట్టుకుని దించుతారు. మూతి పక్కకు వంకరపోయింది, కుడిచెయ్యి లేవడం లేదు. డ్యూటీ డాక్టరు ముందుకు అందరి చీటీలూ ఒకేసారి వస్తాయి.

"ఇంత చిన్నదానికి ఇక్కడికెందుకొచ్చారు, మీ మండలంలో పీహెచ్‌సీ లేదా?" అని సిబ్బంది విసుక్కుంటారు. ఎందుకు లేదు, ఉంది. నాలుగింటికే ఓపీ మూసేశారు.

మిరప కోతల రోజుల్లో కూలీల ఆటో ఊరు దాటేసరికి పీహెచ్‌సీలో ఊడ్చే మనిషి కూడా వచ్చి ఉండదు. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. ఓపీ తొమ్మిదికి మొదలై నాలుగింటితో సరి. బిడ్డకు జ్వరం చూపించాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. వదులుకోలేనివాళ్ళు ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని, అవసరమున్నా లేకున్నా ఒక సెలైన్ ఎక్కించుకుని పడుకుంటారు. తగ్గకపోతే అర్ధరాత్రి ఆటో మాట్లాడుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తుతారు. వాళ్ళకు అవగాహన లేదనడం తేలిక. వాళ్ళు ఇంట్లో ఉండే వేళకు డాక్టరుండే చోటు ఆ క్యాజువాలిటీ ఒక్కటే.

రాత్రి ఎనిమిది దాకా ఓపీ నడపాలని మనం కోరడం కొత్త సంగతేమీ కాదు. ఊరి మనిషికి దగ్గర్లోనే వైద్యం అందాలని 1946లో భోర్ కమిటీ చెప్పింది. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, ఏజెన్సీలో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ అన్న లెక్క అలా నడిచిన దారిలోనే వచ్చింది. 2013లో పట్టణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఓపీ మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉంటే మేలని కేంద్రం మార్గదర్శకాల్లోనే రాసింది. పనికి పోయే జనం సాయంత్రమే వస్తారని ఢిల్లీలో కాగితం రాసినవాళ్ళకు తట్టింది. పల్లె కూలీకి మాత్రం ఆ మాట వర్తించదా?

డాక్టర్లు చాలరంటారు. 2023లో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి తెచ్చినప్పుడు ఆంధ్రలో పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లన్నారు. ఒకరు కేంద్రంలో, ఒకరు 104 బండితో ఊళ్ళకు. వారంలో మూడు రోజులైనా ఒకరు పొద్దున, మరొకరు మధ్యాహ్నం నుంచి ఎనిమిది దాకా ఉండేలా డ్యూటీలు వేయడం అసాధ్యమేమీ కాదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఊరి చివర, వీధి దీపం లేని చోట కట్టిన కేంద్రంలో ఒక డాక్టరమ్మను రాత్రి ఎనిమిది దాకా కూర్చోమనడం న్యాయం కాదు. దీపాలు, వాచ్‌మన్, ఇంటికి చేర్చే బండి కూడా మన కోరికల్లోనే ఉండాలి. అవి లేకుండా వేళలు మాత్రమే మారిస్తే నెల తిరక్కుండా డాక్టరు సెలవు పెడతారు.

ఇక మన వంతు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు పీహెచ్‌సీలో పేరు రాయించుకుని నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి తెచ్చుకోండి. రెండు రోజుల మాత్రలు మిగిలుండగానే మళ్ళీ వెళ్ళండి. మాత్ర మానేసినవాళ్ళలోంచే రేపు పక్షవాతంతో ఆటోలో వచ్చేవాళ్ళు తేలుతారు. కుక్క కరిస్తే ముందు ధారగా పడే నీటి కింద సబ్బుతో పావుగంట కడగండి. సూదులు మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు పీహెచ్‌సీలోనే వేస్తారు. రక్తం కారేలా కరిస్తే మాత్రం సీరం కూడా కావాలి, అది ఎక్కడ దొరుకుతుందో పీహెచ్‌సీలోనే అడిగి వెంటనే బయల్దేరండి.

పీహెచ్‌సీ ఎంతసేపు తెరిచున్నా అక్కడికి తీసుకుపోకూడనివీ ఉన్నాయి. రొమ్ము మీద బరువు పెట్టినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం వస్తే గ్యాసేమోనని సోడా తాగించి తెల్లారేదాకా చూస్తారు. గుండెపోటులో మనుషులు పోయేది ఎక్కువగా ఈ చూడడంలోనే. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అంతే. మెదడులో గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే, అదీ స్కానింగు తీశాకే ఇస్తారు. మనిషి చివరిసారి మామూలుగా ఎన్నింటికి ఉన్నాడో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి, వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే. ఈ రెండింటికే కాదు, పసిబిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా, ఫిట్స్ వచ్చినా, గర్భిణికి రక్తం పోతున్నా 108 కొట్టండి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైన బండి అది. ఆక్సిజన్, చూసుకునే మనిషి లోపలే ఉంటారు, ఆటోలో ఉండరు. పాము కరిస్తే తాడు బిగించడం, కోయడం, పసరు తాగించడం వద్దు. 108కి ఫోన్ చేసి, విషం విరుగుడు మందున్న దగ్గరి ఆసుపత్రికే పోనివ్వమనండి. చాలాసార్లు అది పెద్దాసుపత్రి కన్నా ముందే తగులుతుంది.

వచ్చే గ్రామసభలో సాయంత్రం ఓపీ మీద తీర్మానం పెట్టించండి. తీర్మానం కాపీతో సోమవారం కలెక్టరేటు గ్రీవెన్స్‌లో అర్జీ ఇద్దాం. ఈ ఏడాది మీ ఇంట్లోవాళ్ళు రాత్రిపూట పెద్దాసుపత్రికి వెళ్ళి ఉంటే ఆ చీటీ పారేయకండి. దాని మీద తేదీ, టైము ఉంటాయి. జ్వరానికి, దగ్గుకు, అయిపోయిన మాత్రలకు వెళ్ళిన చీటీలన్నీ జిరాక్సు తీసి అర్జీకి కుట్టండి. ఓపీ ఎన్నింటిదాకా ఉండాలో కలెక్టరు గారు వాటి మీదే చదువుకుంటారు.