బండి కాదు.. మనం వెచ్చగా ఉండాలి!

డిసెంబర్ వచ్చిందంటే చాలు, మన ఫోన్ల నిండా లంబసింగి మంచే! ఇదివరకు రూమ్ బుక్ చేసుకుని వెళ్లేవాళ్లు. ఇప్పుడు ట్రెండ్ మారింది. పాత ఓమ్నీయో, ట్రావెలరో కొని, వెనక సీట్లు తీసేసి, పరుపు వేసి ‘క్యాంపర్ వ్యాన్’ అంటున్నారు. మా హుజూర్‌నగర్‌లోనూ ఓ బ్యాచ్ రెడీ అయ్యింది. అందులో మా బావ ఒకడు. లంబసింగి చూసేశారట, ఈ జనవరిలో హిమాచల్‌లోని స్పితి లోయకు పోతారట. “రాత్రి చలికి ఏం జేస్తరు బావా?” అని అడిగితే, “గ్యాస్ హీటర్ కొన్నం గదా, అద్దాలన్నీ ఎక్కించి పంటం” అన్నాడు.

ఈవారం కాలమ్ బావ కోసం. మీ గ్యాంగ్‌లో అలాంటి బావ ఉంటే, మీకోసం కూడా.

మనది చలి ఊరు కాదు. ఎండకు, సిమెంట్ లారీల దుమ్ముకు అలవాటుపడ్డ మనకు చలికాలమంటే ఇంకో దుప్పటి కప్పుకోవడమే. స్పితిలోని కాజాలో జనవరి రాత్రి మైనస్ 20 డిగ్రీలకు పడిపోతుంది. అక్కడ రేకు డబ్బాలో పడుకోవాలంటే ఏదో ఒక ఏర్పాటు ఉండాల్సిందే. ఏది అన్నదే ప్రశ్న.

లోపల మంట వద్దు

గ్యాస్ హీటరైనా, బొగ్గుల కుంపటైనా, పొయ్యి అయినా మండాలంటే ఆక్సిజన్ కావాలి. అద్దాలు ఎక్కించిన బండిలో అది తగ్గిపోతుంది. అప్పుడు మంట సగం సగమే మండి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి మెలకువ కూడా రాదు.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిది మంది పర్యాటకులు ఇలాగే చనిపోయారు. రిసార్ట్ గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులు వేసుకుని పడుకున్నారు. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకర దగ్గర ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అక్కడ హీటర్ కూడా లేదు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరింది, అంతే.

ఇంకో చిక్కుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం ఈ విషవాయువు లక్షణాలు. ఎత్తైన ప్రదేశాలకు వెళ్తే వచ్చే సమస్య లక్షణాలూ ఇవే. “హైట్ పడలేదు, పడుకుంటే తగ్గుద్దిలే” అనుకుంటే అయిపోయినట్టే.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బండి హీటర్ వేసుకుని నిద్రపోవడం కూడా ఇలాంటిదే. సైలెన్సర్ గొట్టాన్ని మంచు మూసేస్తే పొగ లోపలికే వస్తుంది.

బ్యాటరీ లెక్క

మరి కరెంట్ హీటర్? చిన్న లెక్క వేద్దాం. 12 వోల్టుల, 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో సుమారు 1,280 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఇంట్లో వాడే 1,500 వాట్ల రూమ్ హీటర్ పెడితే గంట కూడా రాదు. అదే 12 వోల్టుల ఎలక్ట్రిక్ దుప్పటి 50 వాట్లే తీసుకుంటుంది. ఎనిమిది గంటలకు 400 వాట్ అవర్లు. అంటే అదే బ్యాటరీతో ఇద్దరు చెరో దుప్పటి కప్పుకుని రాత్రంతా పడుకోవచ్చు.

తేడా ఎక్కడొచ్చింది? హీటర్ బండిలోని గాలినంతా వేడి చేస్తుంది. ఆ వేడి రేకుల్లోంచి, అద్దాల్లోంచి బయటికి పోతూనే ఉంటుంది. దుప్పటి మనల్ని మాత్రమే వేడి చేస్తుంది. మనకు కావాల్సింది కూడా అదే కదా!

డీజిల్ హీటర్

గాలి కూడా వెచ్చబడాలంటే డీజిల్ హీటర్ ఉంది. చలి దేశాల్లో లారీ క్యాబిన్లకు పెట్టేది ఇదే. మంట మూసిన గదిలో మండుతుంది. దానికి గాలి బయట్నుంచే వస్తుంది, పొగ గొట్టం ద్వారా బయటికే పోతుంది. లోపలి గాలి వేరే దారిలో వేడెక్కి వస్తుంది. 2 కిలోవాట్లది ఫుల్లుగా నడిచినా గంటకు పావు లీటరు చుట్టూ తాగుతుంది. అయితే పొగ గొట్టం బిగింపు సరిగ్గా లేకపోతే ఇదీ కుంపటే. ఆన్‌లైన్‌లో కొని వీడియో చూసి బిగించుకునే వస్తువు కాదు, తెలిసిన మెకానిక్‌తోనే పెట్టించండి.

మామూలు డీజిల్ అంత చలిలో గడ్డకడుతుందన్నది గుర్తుంచుకోండి. అందుకే ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా తట్టుకునే వింటర్ డీజిల్ తెచ్చింది. చిన్న గ్యాస్ క్యాన్ల సంగతీ అంతే. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది.

ముందు ఇవి కొనండి

హీటర్ కంటే ముందు డబ్బులు పెట్టాల్సింది వేడి పోకుండా ఆపడానికి. అద్దాలకు రేకు పూత ఉన్న ఫోమ్ షీట్లు కోసి పెట్టండి. పరుపు కింద కూడా ఒకటి వేయండి, చలి కింద నుంచి కూడా లాగేస్తుంది. మైనస్ డిగ్రీలకు సరిపడే స్లీపింగ్ బ్యాగ్, కాళ్ల దగ్గర వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకోండి. నిద్రపోయే మనిషి ఒంటి నుంచే దాదాపు 80 వాట్ల వేడి వస్తుంది. దాన్ని పోనివ్వకుంటే సగం పని అయినట్టే. ఒక కిటికీ వేలెడంత తెరిచి ఉంచండి. లేకపోతే మన ఊపిరిలోని తేమే తెల్లారేసరికి అద్దాల మీద మంచై కూర్చుంటుంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. పొగను పట్టే అలారం వేరు, ఇది వేరు. చూసి కొనండి. పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో పెట్టండి. అది మోగితే కారణం వెతకొద్దు. ముందు అందరూ బయటికి దిగండి.

టెస్టింగ్ చేయకుండా మేం కోడ్ రిలీజ్ చేయం. మీరూ బయల్దేరే ముందు ఓ రాత్రి ఇంటి ముందే బండిలో పడుకుని చూడండి. బ్యాటరీ తెల్లారేదాకా వచ్చిందా, అలారం బటన్ నొక్కితే మోగిందా అన్నది అక్కడే తేలిపోవాలి. ఏదైనా తేడా వస్తే లేచి ఇంట్లోకి పోవచ్చు. స్పితిలో ఆ చాన్స్ ఉండదు.