సైకిల్ మనది, మనిషి ఎవరైతేనేం?
2024లో మదనపల్లెలో రెండు పెద్ద పార్టీలూ ముస్లింలనే నిలబెట్టాయి. వైసీపీ నుంచి నిసార్ అహ్మద్, తెలుగుదేశం నుంచి సైకిల్ గుర్తుపై షాజహాన్ బాషా. బీజేపీ కూడా ఉన్న కూటమి అభ్యర్థిగా షాజహాన్ గెలిచారు. ఇక మతం అడ్డు తొలగిపోయిందని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. టమాటా మార్కెట్ దగ్గర ఓ రైతును కదిపితే, ఖాళీ క్రేట్లు పేరుస్తూ తలైనా ఎత్తకుండా అన్నాడు: "మనిషిదేముంది సార్, సైకిల్ మనది." ఇలాంటిదే అమెరికాలోనూ చూశాం. 2022లో అక్కడి జార్జియా రాష్ట్ర సెనేట్ సీటు పోటీలో ప్రధాన అభ్యర్థులిద్దరూ నల్లజాతివాళ్లే. అక్కడి పల్లెల్లో తెల్లవాళ్లు ఎక్కువమంది రిపబ్లికన్ హెర్షెల్ వాకర్‌కే వేశారు. ఆయన ఓడారు, అది వేరే సంగతి. వాళ్లు వర్ణాన్ని మరిచిపోయారని నేననుకోను. తమ మాటలే మాట్లాడే మనిషి దొరికాడు, అంతే. అసలు వడపోత టికెట్ దగ్గరే జరిగిపోతుంది. మన పుంగనూరులో 2024లో రెండు పార్టీల టికెట్లూ రెడ్లకే. పేర్లు కూడా ఒకటే, పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి, చల్లా రామచంద్రారెడ్డి! కుప్పం కథ ఇంకా చిత్రం. బీసీలు బలంగా ఉన్న ఆ నియోజకవర్గం 1989 నుంచి ఎనిమిదిసార్లు చంద్రబాబునే గెలిపించింది. వైసీపీ లెక్కలేసి బీసీ అయిన చంద్రమౌళిని రెండుసార్లు, ఆయన కొడుకు భరత్‌ను 2024లో దించినా ఎత్తు పారలేదు. ముస్లింకు హిందువు ఓటేస్తే విశాల హృదయమంటాం. కమ్మ నాయకుడైన చంద్రబాబుకు బీసీలు ముప్పై అయిదేళ్లుగా వేస్తుంటే మాత్రం ఆ మాట ఎవరి నోటా రాదు.