గురి అంటే ఏకాగ్రత ఒక్కటేనా?

మత్స్యయంత్రం కథ చెప్పిన ప్రతిసారీ తరగతిలో అర్జునుని ఏకాగ్రతనే పొగిడాను. తప్పు చేసిన విద్యార్థిని "మనసు పెట్టలేదు" అని మందలించాను. అది సగం న్యాయమేనని ఇప్పుడు తోస్తున్నది.

తుపాకి గుండు సూటిగా పోదు. గొట్టం వీడిన క్షణం నుండే భూమ్యాకర్షణకు లోబడి కిందికి వంగుతుంది. అందుకే దూరాన్ని బట్టి రైఫిల్ స్కోపు మరను తిప్పి గురి సరిచేస్తారు. కోణంలో ఒక్క నిమిషం మార్పు 100 మీటర్ల వద్ద దాదాపు 3 సెంటీమీటర్లు.

ఏటవాలుగా కాల్చడం మరీ చిత్రం. మా సెంటినరీ కాలనీ ప్రాంతపు ఓపెన్‌కాస్టు గని అంచున నిలిచి లోతుకు చూస్తే బోధపడుతుంది. లక్ష్యం 400 మీటర్ల దూరాన, 30 డిగ్రీల పల్లంలో ఉన్నదనుకుందాం. లెక్కకు రావలసింది సమతల దూరం, అంటే సుమారు 346 మీటర్లు. 400కు సరిచేస్తే గుండు లక్ష్యం పైనుండి పోతుంది. మిట్టకు కాల్చినా అంతే.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన పోటీలో దూరం 10 మీటర్లే. అది మారదు, వాలూ లేదు. అక్కడ ఏకాగ్రతదే పెద్దపీట. కాని మా తరగతి గదులు అంత చదునైన నేలలు కావు.

గురి తప్పినవాణ్ణి మందలించే ముందు వాడు ఏ వాలున నిలిచాడో చూడాలి. తోటి ఉపాధ్యాయులారా, మీరేమంటారు?